మర్లరాని బంటు

సంఘం ప్రత్యేక సంచికకు ఏదైనా రాసి ఇవ్వమని కార్యదర్శి గారు ఫోను చేసినప్పుడు, "ముప్పై ఏడేళ్ళు నోట్ ఫైళ్ళు రాసిన చెయ్యి ఇది, దీనికి వ్యాసాలు ఎక్కడ వస్తాయండీ" అన్నాను. "మీకు చదరంగం పిచ్చి కదా, దాని మీదే రాయండి" అన్నారు వారు. ఆ మాట పట్టుకుని కూర్చున్నాను. రాస్తూ ఉంటే ఇది చదరంగం గురించే కాక, నేను మా పెద్దబాపుకు పడ్డ బాకీ గురించి కూడా అయింది. పింఛను లెక్కలకు, వైద్య బిల్లులకు అలవాటు పడ్డ మిత్రులు కొంచెం ఓపిక పట్టి చదవవలసిందిగా మనవి.

మాది వీర్నపల్లి. అప్పట్లో కరీంనగర్ జిల్లా, సిరిసిల్ల తాలూకా. 1985లో మండలాలు వచ్చాక ఎల్లారెడ్డిపేట మండలంలో ఉండేది. 2016లో రాజన్న సిరిసిల్ల జిల్లా ఏర్పడినప్పుడు మా ఊరే మండల కేంద్రమైంది. చుట్టూ అడవి, తండాలు. ఏ పని మీద పోవాలన్నా సిరిసిల్లకే. నేను పుట్టింది 1948లో. ఊహ తెలిసేనాటికి మా ఇంటి ముందరి అరుగు మీద పొద్దుగూకే వేళ తప్పక కనిపించే దృశ్యం ఒక్కటే. ఒకవైపు మా పెద్దబాపు, ఎదురుగా ఎవరో ఒకరు, నడుమ చదరంగం.

బల్ల అంటూ వేరే లేదు. అరుగు బండ మీదనే ఉలితో గీసిన అరవై నాలుగు గళ్ళు. తెలుపు, నలుపు రంగులు కూడా లేవు, గీతలే. ఊరి వడ్లాయన చెక్కి ఇచ్చిన పావులు. ఒక జట్టుకు పసుపు, ఇంకో జట్టుకు మసి పూసేవారు. రాజు, మంత్రి, శకటు, గుర్రం, ఏనుగు, బంటు. నిజాం కాలం మనిషి కాబట్టి మా పెద్దబాపు రాజుకు దెబ్బ చూపినప్పుడల్లా "కిస్తు" అనేవాడు. ఆయనకు చదువు రాదు. అయినా ఆటలో ఆయనను ఓడించిన మనిషిని నేను చిన్నప్పుడు చూడలేదు.

మా అరుగు మీది లెక్క

మా ఆట లెక్క ఇప్పటి పోటీ ఆటకు కొంచెం తేడా. తెలియని పిల్లల కోసం అది చెబుతాను.

ఇప్పటి ఆటలో బంటు మొదటిసారి కదిలేటప్పుడు ఇష్టముంటే రెండు గళ్ళు పోవచ్చు. మా దగ్గర ఏ బంటైనా, ఎప్పుడైనా, ఒక్క గడే. ఇప్పటి ఆటలో రాజు, ఏనుగు కలిసి ఒకే ఎత్తులో స్థలం మార్చుకుని కోట కట్టుకుంటాయి. మా దగ్గర కోట లేదు. దానికి బదులు రాజు ఆట మొత్తంలో ఒక్కసారి గుర్రం లాగా దునకవచ్చు. అదీ అంతకు ముందు కిస్తు తగిలి ఉండకపోతేనే. బంటు అవతలి చివరికి చేరితే ఇప్పుడు కోరుకున్న పావు అవుతుంది, అందరూ మంత్రినే కోరుకుంటారు. మా దగ్గర అది ఏ గడిలోకి చేరిందో ఆ గడి పావే అవుతుంది. గుర్రం గడికి చేరితే గుర్రం, ఏనుగు గడికి చేరితే ఏనుగు.

ఇవి మా ఊరి వింతలు కావు. కొద్దిపాటి తేడాలతో దేశమంతటా వందల ఏళ్ళుగా ఇట్లాగే ఆడారు. చదరంగం పుట్టింది మన దేశంలోనే. పర్షియా మీదుగా, అరబ్బుల మీదుగా ఐరోపాకు పోయింది. అక్కడి వాళ్ళకు ఆట నిదానంగా నడుస్తున్నదని తోచి, బంటుకు మొదట రెండు గళ్ళ వరం ఇచ్చారు. 15వ శతాబ్దం చివర మంత్రికి ఇప్పుడున్న విపరీతమైన బలం ఇచ్చారు. తరువాత కోటను స్థిరపరిచారు. మన ఊళ్ళ ఆటలో మాత్రం బంటు తన పాత నడకనే పట్టుకుని ఉంది.

తెలుగువాళ్ళకు ఈ ఆట ఎంత దగ్గరిదో మన మాటలే చెబుతాయి. "ఎత్తుకు పైఎత్తు" అంటాం. "వాడి ఆటకట్టింది" అంటాం. "పావులు కదుపుతున్నాడు" అంటాం. చదరంగం ముట్టనివాళ్ళు కూడా రోజూ ఆడే మాటలు ఇవి. శ్రీకృష్ణదేవరాయలతో చదరంగమాడి గెలిచే బొడ్డుచర్ల తిమ్మన్న అనే కవి గురించి ఒక చాటుపద్యం ఉంది. రాయలు మెచ్చి ఆయనకు ఊరు ఇచ్చాడని చెబుతారు. రాజును రాజుతోనే కట్టి ఊరు సంపాదించిన కవి మరో భాషలో ఉన్నాడో లేదో గానీ, మనకైతే ఉన్నాడు.

నేను చేసిన తప్పు

1969లో నాకు సర్కారు కొలువు వచ్చింది. మొదట సిరిసిల్ల, తరువాత కోరుట్ల, జగిత్యాల. సాంచాల చప్పుడు మధ్య సిరిసిల్లలో ఒక గది తీసుకుని ముగ్గురం ఉద్యోగులం ఉండేవాళ్ళం. 1972 ఎండలు పోయి వానలు పట్టిన రోజుల్లో, ఐస్లాండ్‌లో బాబీ ఫిషర్, బోరిస్ స్పాస్కీ ప్రపంచ చాంపియన్‌షిప్ ఆడుతున్నారని పత్రికల్లో రోజూ వార్తలు. జూలై నుండి సెప్టెంబరు మొదటి తేదీ దాకా సాగిన పోటీ అది. అమెరికా, రష్యాల యుద్ధమే చదరంగం బల్ల మీద జరుగుతున్నట్టు జనం చెప్పుకున్నారు. గదిలోని మిత్రుడొకరు కరీంనగర్ నుండి అట్ట బల్ల, ప్లాస్టిక్ పావులు తెచ్చాడు. అతని దగ్గరే నేను "అసలు" నియమాలు నేర్చుకున్నాను.

ఆ సంవత్సరం బతుకమ్మ పండుగకు ఊరికి పోయినప్పుడు పెద్దబాపు ఎప్పటిలాగే అరుగు మీద పావులు పేర్చాడు. నేను బంటును రెండు గళ్ళు జరిపాను. ఆయన నవ్వి దాన్ని ఒక గడి వెనక్కి పెట్టాడు. నేను మళ్ళీ రెండో గడిలోకి నెట్టి అన్నాను:

"గిది పాత లెక్క పెద్దబాపూ. దునియాల ఎవ్వలు ఇట్ల ఆడుతలేరు. బంటు సురువుల రెండు గళ్ళు పోతది. రాజుకు దునుకుడు లేదు. మనది తప్పాట."

అరుగు మీద నలుగురు ఉన్నారు. ఇరవై నాలుగేళ్ళ కుర్రవాడిని, నెల జీతం తీసుకుంటున్నవాడిని, నలుగురి ముందు ఆ మాట అన్నాను. పెద్దబాపు కాసేపు పావుల వైపు చూశాడు.

"తప్పాటనో ఒప్పాటనో నాకెర్క లేదు బిడ్డా," అన్నాడు. "బంటుకు ఎన్కకు మర్లుడు లేదు. మర్లరానోడు ముంగటికి ఒక్కొక్క అడుగే ఎయ్యాలె."

ఆ తరువాత ఆయన నాతో ఆడలేదు. కోపం కాదు. పోయినప్పుడల్లా కూర్చోబెట్టుకునేవాడు, తిన్నావా అని అడిగేవాడు. ఆట మాట వస్తే మాత్రం "నీది కొత్త లెక్క గదా" అని ఇంకొకరిని పిలిచేవాడు.

పోటీ

మరుసటి ఏడు, 1973లో, జిల్లా ఉద్యోగుల ఆటల పోటీలలో చదరంగం కూడా పెట్టారు. నేను పేరు ఇచ్చాను. నా మొదటి ఆట ఒక పెద్ద అధికారితో పడింది. నావి నల్ల పావులు. ఆయన ఇంగ్లీషు పుస్తకాలు చదివి ఆడే మనిషి. నాకు అంతకు ముందు గడియారం పెట్టి ఆడిన అనుభవం లేదు.

ఆయన రాజు ముందరి బంటును రెండు గళ్ళు జరిపాడు. నేర్చుకున్నదంతా ఆ క్షణాన ఎక్కడికి పోయిందో గాని, నా చెయ్యి మంత్రి బంటును ఒక్క గడి జరిపింది. ఆయన మంత్రి బంటును కూడా రెండు గళ్ళు తెచ్చాడు. నేను రాజు వైపు గుర్రం ముందరి బంటును ఒక్క గడి జరిపి, ఆ సందులో శకటును పెట్టాను. మా అరుగు మీద ఎప్పుడూ జరిగేది ఇదే. బంటుకు ఒక్క గడే నడక ఉన్నప్పుడు శకటు బయటికి చూడడానికి దగ్గరి దారి అది. నిమిషాలు గడిచేసరికి ఆయన బంట్లు నాలుగు నడి బల్లలో బారులు తీరి నిలబడ్డాయి. నావి గడప దాటని కొత్త కోడళ్ళలా ఉన్నాయి. చుట్టూ నిలబడ్డవాళ్ళలో ఎవరో "ఊరి చదరంగం" అని నవ్వారు. నాకు చెవులు వేడెక్కాయి.

గుర్రం తీశాను, కోట కట్టాను. ఇక ఆ నడి బల్ల గోడను కొట్టాలి. రాజు బంటుతోనే కొట్టాలని తెలుసు. అయితే దాన్ని ఒక్కసారిగా రెండు గళ్ళు నెట్టడానికి చెయ్యి రాలేదు. ఒక గడి జరిపాను. ఆ తరువాతి ఎత్తులో మరో గడి. ఈ ఒక్క ఎత్తు ఆలస్యంలో ఆయన బంట్లు నా గుర్రాన్ని తరుముకుంటూ మీద పడ్డాయి. ముప్పై ఎత్తులు దాటకముందే నా ఆట కట్టింది.

బయటికి వచ్చి నిలబడితే, పోటీలకు నిర్ణేతగా వచ్చిన ఒక కళాశాల అధ్యాపకుడు దగ్గరికి వచ్చాడు.

"బాగా మొదలుపెట్టారండీ. కింగ్స్ ఇండియన్ ఎక్కడ నేర్చుకున్నారు?"

"అదేంటి సార్? మా ఊళ్ళో అట్లాగే ఆడతారు" అన్నాను.

ఆయన ఆశ్చర్యపోయాడు. "మీ ప్రారంభంలో తప్పు లేదు. దాన్ని కింగ్స్ ఇండియన్ డిఫెన్స్ అంటారు. ఫిషర్ ఆడేదీ అదే. అదను వచ్చినప్పుడు రెండు గళ్ళు పోవలసిన బంటును ఒక గడి దగ్గర ఆపారు, అదొక్కటే పొరపాటు" అన్నాడు. ఇండియన్ అనే పేరు ఎందుకు వచ్చిందని అడగడానికి నాకు తోచలేదు.

ఈ మాట పెద్దబాపుకు చెప్పాలని అనుకున్నాను. "నువ్వు ఆడే ఆటకు ఫారిన్‌లో పేరున్నదట" అని చెబితే ఎంత సంతోషపడేవాడో. కానీ ఓడిపోయి వచ్చిన ఆట గురించి ఎట్లా చెప్పడం? తరువాత చెబుదామనుకున్నాను. కోరుట్లకు బదిలీ అయింది, పెళ్ళయింది, పిల్లలయ్యారు. 1979లో పెద్దబాపు పోయాడు. చెప్పనే లేదు.

కలకత్తా ఆట

2006లో రిటైరయ్యాక తీరిక దొరికింది. ఆ పేరు ఎట్లా వచ్చిందో అప్పుడు వెతికాను. దొరికిన కథ ఇది.

1840ల చివర కలకత్తాలో జాన్ కోక్రేన్ అనే స్కాట్లండ్ బారిస్టర్ ఉండేవాడు. చదరంగంలో ఐరోపా పేరు మోసిన ఆటగాళ్ళ సరసన నిలిచినవాడు. ఆయనకు కలకత్తాలో సరిజోడు దొరకలేదు. అప్పుడు మొఫసిల్‌లో, అంటే మన భాషలో పల్లెపట్టున, ఇంతవరకు ఓటమి ఎరుగని బ్రాహ్మణుడొకడు ఉన్నాడని తెలిసింది. ఆయన పేరు మహేశ్‌చంద్ర బెనర్జీ. ఇంగ్లీషువాళ్ళు ఆ పేరును నోరు తిరిగిన రీతిలో రకరకాలుగా రాశారు. ఆయనను పిలిపించి కోక్రేన్ ఆడాడు. 1848 నుండి 1860 దాకా ఇద్దరూ వందల ఆటలు ఆడారు. కోక్రేన్ వాటిని రాసిపెట్టుకోవడం వల్ల, లండన్ చదరంగ పత్రికల్లో అచ్చు వేయించడం వల్ల అవి మనకు మిగిలాయి.

ఉన్నమాట చెప్పుకోవాలి. ఎక్కువ ఆటలు గెలిచింది కోక్రేనే. మహేశ్‌చంద్ర పాత లెక్కలో పెరిగి, పెద్దయ్యాక కొత్త లెక్క నేర్చుకున్న మనిషి. అయినా ఆయన గెలిచిన ఒక ఆట ఇప్పటికీ పుస్తకాల్లో అచ్చవుతూనే ఉంది. 1850ల నాటి కలకత్తా ఆట. ఆసక్తి ఉన్నవారు బల్ల పరుచుకుని నాతోపాటు ఆడి చూడండి.

కోక్రేన్‌వి తెల్ల పావులు. మొదటి ఎత్తు: రాజు బంటు రెండు గళ్ళు. మహేశ్‌చంద్ర: మంత్రి బంటు ఒక్క గడి. రెండో ఎత్తు: తెలుపు మంత్రి బంటు రెండు గళ్ళు, నలుపు రాజు వైపు గుర్రం బంటు ఒక్క గడి. మూడో ఎత్తు: తెలుపు మంత్రి వైపు శకటు బంటు రెండు గళ్ళు, నలుపు శకటు ఆ సందులోకి. నాలుగు: ఇద్దరూ గుర్రాలు తీశారు. ఐదు: తెలుపు రాజు వైపు శకటు బంటును కూడా రెండు గళ్ళు తెచ్చాడు, నలుపు కోట కట్టాడు.

ఇక్కడ ఆగి బల్ల చూడండి. తెలుపు బంట్లు నాలుగు, నాలుగో వరసలో, పక్కపక్కన. నలుపు బంట్లు రెండే కదిలాయి, రెండూ ఒక్కొక్క గడే. ఈ బల్లను మొదటిసారి పరిచినప్పుడు నాకు గుండె ఆగినంత పనైంది. ఇది మా అరుగు. ఇది 1973లో నేను ఓడిన ఆట. గడప దాటని ఆ బంట్లను చూసి కలకత్తాలో కూడా ఎవరైనా నవ్వారేమో.

ఆరో ఎత్తులో కోక్రేన్ రెండో గుర్రాన్ని తీశాడు. మహేశ్‌చంద్ర మంత్రి వైపు శకటును తెచ్చి ఆ గుర్రాన్ని పట్టి నిలబెట్టాడు. ఏడో ఎత్తులో కోక్రేన్ శకటును బయటికి తీశాడు. ఇప్పుడు అదను. మహేశ్‌చంద్ర రాజు బంటును ముందుకు తోశాడు. ఒక్క గడి కాదు, రెండు గళ్ళు! ఒక అడుగు ఆటలో పుట్టి పెరిగిన మనిషి, అంతవరకు రెండు బంట్లను ఒక్కొక్క గడే జరిపిన మనిషి, మూడో బంటును సరిగ్గా కావలసిన చోట, కావలసిన ఎత్తులో, కొత్త లెక్క ప్రకారం రెండు గళ్ళు నడిపించాడు. నేను చేయలేకపోయింది అదే.

తరువాతిది చూడముచ్చటైన ఆట. బంట్లు మార్చుకున్నారు. తొమ్మిదో ఎత్తులో కోక్రేన్ మంత్రి బంటును ఇంకొక గడి ముందుకు తోశాడు. మహేశ్‌చంద్ర తన గుర్రాన్ని నడి బల్లలోని బంటుకు బలి ఇచ్చాడు. తెలుపు గుర్రం దాన్ని చంపితే, నలుపు రాజు వైపు శకటు బంటు రెండు గళ్ళు దూకి ఆ గుర్రం మీద పడింది. మళ్ళీ రెండు గళ్ళు! తెలుపు గుర్రం తప్పుకుంది. నలుపు రాజు బంటు ఇంకొక గడి ముందుకు వచ్చి ఒకేసారి అటు శకటును, ఇటు రెండో గుర్రాన్ని పొడిచింది. కోక్రేన్ తక్కువవాడు కాదు. పన్నెండో ఎత్తులో గుర్రాన్ని లోపలికి నడిపి నలుపు మంత్రికి, ఏనుగుకు కలిపి గురి పెట్టాడు. ఎవరైనా ముందు మంత్రిని కాపాడుకుంటారు. మహేశ్‌చంద్ర మంత్రిని వదిలేశాడు! బంటుతో అవతలి గుర్రాన్ని చంపాడు. కోక్రేన్ మంత్రిని తీసుకున్నాడు. ఆ బంటే ఇంకొక అడుగు వేసి ఇంకొక బంటును చంపి ఏడో వరసకు చేరింది. అది పక్కకు జరగడంతో వెనక ఉన్న నలుపు శకటుకు దారి తెరుచుకుని తెలుపు మంత్రి దొరికిపోయింది. కోక్రేన్ ఏనుగును కాపాడుకునేసరికి శకటు మంత్రిని చంపింది. దుమ్ము అణిగాక చూస్తే పల్లెటూరి ఆటగాడి ఇల్లే గట్టిగా ఉంది. చివరికి ఆయనే గెలిచాడు.

పేరు ఎట్లా నిలిచింది

1855 నాటి మరో ఆట ఉంది. అందులో మహేశ్‌చంద్ర అదే గుర్రం బంటు ఒక్క గడి, అదే మూల శకటు ఆడుతూ, మంత్రి బంటుతో నడి బల్లను కొట్టాడు. ఆ ఆట ఓడిపోయాడు. ఆ ప్రారంభానికి ఇప్పుడు గ్రున్‌ఫెల్డ్ డిఫెన్స్ అని పేరు. 1922లో ఆస్ట్రియా ఆటగాడు ఎర్నెస్ట్ గ్రున్‌ఫెల్డ్ దాన్ని పెద్ద పోటీల్లో ఆడి, తరువాత ప్రపంచ చాంపియనైన అలెఖైన్‌నే వియన్నాలో ఓడించడంతో ఆ పేరు స్థిరపడింది. అంటే మన పల్లె ఆటగాడు అరవై ఏడేళ్ళ ముందే ఆ దారిలో నడిచాడు.

"ఇండియన్ డిఫెన్స్" అనే మాట అచ్చులో కనిపించేది 1884 నుండి. మహేశ్‌చంద్ర ఆడిన ఆట వల్లనే ఆ పేరు వచ్చింది. అయినా చాలాకాలం దాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. నడి బల్లను బంట్లతో మొదటే ఆక్రమించాలి, లేకపోతే పిరికి ఆట అన్నది ఆనాటి సిద్ధాంతం. మొదటి ప్రపంచ యుద్ధం తరువాత కొత్త తరం వచ్చింది. నడి బల్లను ఎదుటివాడినే ఆక్రమించనిద్దాం, దూరం నుండి శకటుతో గురి పెట్టి అదను చూసి కొడదాం అన్నది వాళ్ళ ఆలోచన. దాన్ని వాళ్ళు అత్యాధునికం అన్నారు. మా పెద్దబాపు వింటే ఏమనేవాడో!

ఆ రోజుల్లోనే పంజాబు నుండి మీర్ సుల్తాన్ ఖాన్ అనే పల్లెటూరి ఆటగాడు ఇంగ్లండుకు పోయాడు. ఆయన కూడా పాత లెక్కలోనే పెరిగి, పెద్దయ్యాక కొత్త నియమాలు నేర్చుకున్నాడు. 1929, 1932, 1933లలో బ్రిటిష్ చాంపియన్ అయ్యాడు. 1930 డిసెంబరులో మొదలైన హేస్టింగ్స్ పోటీలో మాజీ ప్రపంచ చాంపియన్ కపబ్లాంకాను ఓడించాడు. చిత్రమేమంటే ఆ ఆటలో భారతీయుడి మీద కపబ్లాంకా ఆడింది క్వీన్స్ ఇండియన్ డిఫెన్స్! ఫిలిప్ సార్జెంట్ అనే చరిత్రకారుడు 1934లో రాసిన బ్రిటిష్ చదరంగ చరిత్రలో విషయం తేల్చి చెప్పాడు. బంటును ఒక్క గడి జరిపి మూల శకటును నిలిపే ఈ పద్ధతులు భారతీయులకు తమ సొంత ఆట నుండి సహజంగా సంక్రమించినవని, మహేశ్‌చంద్ర వంటివారిని చూసే ఐరోపా వాళ్ళు నేర్చుకున్నారని.

ఈ రోజు కింగ్స్ ఇండియన్, క్వీన్స్ ఇండియన్, నిమ్జో ఇండియన్, బోగో ఇండియన్, ఓల్డ్ ఇండియన్ అని ఒక వంశమే ఉంది. ఫిషర్, కాస్పరోవ్ కింగ్స్ ఇండియన్‌తో ఎన్నో ఆటలు గెలిచారు. మన తెలుగు పిల్లలు ప్రపంచం నడి బల్లకే చేరారు. గుంటూరు హరికృష్ణ 2001లో గ్రాండ్‌మాస్టర్ అయ్యాడు. గుడివాడలో పుట్టిన కోనేరు హంపి 2002లో పదిహేనేళ్ళ వయసుకే గ్రాండ్‌మాస్టరై, 2019లో మాస్కోలో, 2024లో న్యూయార్కులో ప్రపంచ ర్యాపిడ్ చాంపియన్ అయింది. 2024 బుడాపెస్ట్ ఒలింపియాడ్‌లో పురుషులు, మహిళలు ఇద్దరూ బంగారు పతకాలు తెస్తే, ఆ జట్లలో హరికృష్ణ, హారిక, మన వరంగల్ అర్జున్ ఇరిగేసి ఉన్నారు. ఆ డిసెంబరులో అర్జున్ 2801 రేటింగుతో ఆనంద్ తరువాత 2800 దాటిన రెండో భారతీయుడయ్యాడు. ఈ పిల్లలందరూ ప్రారంభాల పుస్తకం తెరిస్తే అందులో కనిపించే "ఇండియన్" అన్న మాట వెనక, పేరు తెలియని వేల అరుగులు ఉన్నాయి.

ఒక మనవి

ఇప్పుడు నేను వీర్నపల్లిలోనే ఉంటున్నాను. మా అరుగు బండ ఇంకా ఉంది, గీతలు అరిగిపోయాయి. సెలవులకు వచ్చే మా మనుమరాలు ఫోనులో చదరంగం ఆడుతుంది, బాగానే ఆడుతుంది. పోయిన దసరాకు దాన్ని అరుగు మీద కూర్చోబెట్టి, సుద్దముక్కతో గళ్ళు మళ్ళీ గీసి, పాత లెక్కతో ఒక ఆట ఆడించాను. "తాతా, బంటు ఇంత మెల్లగా పోతే ఎట్లా?" అన్నది. మా పెద్దబాపు మాట చెప్పాను. అది కాసేపు ఆలోచించి, "అయితే ముందే మంచిగ చూసుకుని ఎయ్యాలన్నమాట" అన్నది. తరువాత నాలుగు ఎత్తుల్లో నా ఏనుగును తీసుకుంది.

నేను పెద్దబాపుతో అన్న మాటలో రెండు తప్పులున్నాయి. ఆయన ఆట తప్పాట కాదు, అది ఒకటి. కొత్త లెక్క నేర్చుకుంటే పాతది పారేయాలనుకోవడం రెండోది. మహేశ్‌చంద్ర రెంటినీ దగ్గర పెట్టుకున్నాడు కాబట్టే ఏడో ఎత్తులో రెండు గళ్ళు పోగలిగాడు. నేను ఒకదాన్ని వెక్కిరించి, ఇంకొకదాన్ని సగమే నేర్చుకుని, రెంటి మధ్య ఓడిపోయాను.

కోక్రేన్ రాసిపెట్టకపోతే మహేశ్‌చంద్ర ఆట ఒక్కటి కూడా మనకు మిగిలేది కాదు. మా పెద్దబాపు ఆటల్లో ఒక్కటీ మిగలలేదు. రాయడం వచ్చినవాడిని పక్కనే నేనున్నాను, రాయలేదు. అందుకే మిత్రులకు నా మనవి. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల వైపు ఊళ్ళల్లో మీ పెద్దలు చదరంగం ఏ లెక్కతో ఆడారో, బంటు చివరికి చేరితే ఏమయ్యేదో, రాజుకు దునుకుడు ఉండేదో లేదో, ఏ పావును ఏమని పిలిచేవారో, గుర్తున్నంత వరకు ఒక కాగితం మీద రాసి సంఘానికి పంపండి. తప్పాటా ఒప్పాటా అని చూడకండి, ఉన్నది ఉన్నట్టు రాయండి. మన వయసుకు ఇక వెనకకు మర్లుడు లేదు. ఆ ఒక్క అడుగైనా వేద్దాం.

అందరికీ నమస్కారాలతో,
ఒక విశ్రాంత ఉద్యోగి, వీర్నపల్లి